నలభై ఏడు డిగ్రీల కిరణం

తైవాన్లోని షిన్‌చూ ఊళ్లో యంత్రం అనేది ఎక్కడుంటే అక్కడ దాని నెత్తిన ఒక ఆకుపచ్చ పొట్లం ఉంటుంది. మొక్కజొన్న పిండితో చేసి, కొబ్బరి వాసన పట్టించిన చిరుతిండి పొట్లం. చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో, బ్యాంకు కంప్యూటర్ల గదిలో, ఆసుపత్రి స్కానింగ్ మిషను మీద, ఎక్కడ చూసినా అదే. బుద్ధిగా ఉండమని దాని పేరుకు అర్థం. పొట్లం ఉన్నంతకాలం యంత్రం బుద్ధిగా ఉంటుంది, తీసేస్తే మొరాయిస్తుంది. పొట్లం ఆకుపచ్చదే కావాలి. పసుపుదో ఎర్రదో పెడితే యంత్రం మీద ఆ రంగు దీపాలే వెలుగుతాయి. తినే గడువు దాటిన పొట్లం ఉంచకూడదు. డ్యూటీలో ఉన్న పొట్లాన్ని విప్పి తినడమైతే మహాపాపం. ఈ నియమాలను నవ్వుతూ చెప్పేవాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారు గానీ, నవ్వుతూ మీరేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

యూనివర్సిటీలో యాంటెన్నాలు కొలిచే గదికి పెంగ్ అనే ఆయన అధికారి. అరవై దగ్గర పడిన మనిషి, పొట్టి, బనీను మీద యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకోకుండా తిరుగుతాడు. గది లోపల గోడలకూ కప్పుకూ నేలకూ స్పాంజిలాంటి నీలిరంగు నురగ మేకులు మూరెడు పొడవున పొడుచుకొచ్చి ఉంటాయి. తరంగం వాటిలోకి వెళ్లిందంటే మళ్లీ బయటకు రాదు. అక్కడ కొలవాలంటే కొలిచే వస్తువు తప్ప మరో లోహపు ముక్క ఉండకూడదు. అందుకని గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పళ్లెం పెట్టుకుని కూర్చుంటాడు పెంగ్. ఫోన్లు, తాళాలు, గడియారాలు, తలపిన్నులు, పెన్నులు అన్నీ అందులో పడాల్సిందే. ఒకసారి డిపార్ట్‌మెంటు హెడ్డుగారి బెల్టు కూడా ఊడబెరికాడు. ఆ పెద్దమనిషి ముప్పావు గంటసేపు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో విదేశీ అతిథులకు గది చూపించాడు.

ఆ గదిలో వెన్ షిన్-రోంగ్ ఏడేళ్లుగా కొలుస్తోంది.

ఆమె చేసే వస్తువు చూడ్డానికి జానెడు పలక. దాని మీద రాగి గీతలతో సన్నటి ముగ్గు. గీత పొడవు కాస్త మారితే దాని మీద పడ్డ తరంగం నడక మారుతుంది. మామూలు రేకు మీదకు తరంగాన్ని సూటిగా పంపితే, గోడకు కొట్టిన బంతిలా సూటిగానే వెనక్కి వస్తుంది. ఈ పలక మీద పంపితే పక్కకు తిరిగి, మనం ముందే చెప్పి ఉంచిన దిక్కుకు పోతుంది. రాగికి ఆ గుణం లేదు, పలకకు లేదు, గుణమంతా ముగ్గుదే. సెల్ టవర్ సిగ్నల్ దూరని ఇరుకు సందు మూలలో ఇలాంటిదొకటి తగిలిస్తే, కరెంటు అక్కర్లేకుండానే సిగ్నల్‌ను సందులోకి మళ్లిస్తుంది. షిన్-రోంగ్ పలక ముప్పై డిగ్రీలకు మళ్లించేలా గీసింది. అది ముప్పై డిగ్రీలకే మళ్లించింది.

అదే వచ్చిన చిక్కు.

"ముప్పైకి గీశావు, ముప్పైకి వెళ్లింది. ఇందులో కొత్తేముందమ్మా?" అన్నాడు ఆమె గైడు లువో మాస్టారు. "చెప్పిన మాట వినే పలకలు ప్రపంచంలో వెయ్యి ఉన్నాయి. డాక్టరేట్ ఇవ్వాల్సింది నీకా, పలకకా?"

యూనివర్సిటీ లెక్కలో డాక్టరేట్‌కు ఏడేళ్లే గడువు. జూలై ముప్పై ఒకటి, శుక్రవారం, సాయంత్రం ఐదు లోపు గైడు సంతకంతో ఆఖరి పరీక్షకు దరఖాస్తు ఆఫీసులో పడాలి. పడకపోతే ఏడేళ్ల చదువుకు చీటీ చింపి చేతిలో పెడతారు. ఆ దరఖాస్తు షిన్-రోంగ్ సంచిలో నిరుటి నుంచి నలుగుతోంది.

అలాంటి సమయంలో మే నెలలో కొత్త పలక కొలుస్తుంటే, ముప్పై డిగ్రీల దగ్గర రావలసిన కిరణంతో పాటు నలభై ఏడు దగ్గర ఇంకొకటి కనబడింది. చిన్నాచితకా కాదు, తోకచుక్కంత. ముగ్గులో అలాంటిదేమీ ఆమె గీయలేదు. లెక్కలో లేదు. పది సార్లు కొలిస్తే పది సార్లూ అక్కడే.

లువో మాస్టారు గ్రాఫు చూసి కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"నువ్వు చెప్పకుండానే వెళ్లిందా?"

"నేను చెప్పలేదు సార్."

"చెప్పకుండానే వెళ్లింది!" అన్నాడాయన, కొడుకు మొదటి అడుగు వేసినంత ఆనందంగా. "ఇదమ్మా కొత్తదంటే!"

ఆ వారంలోనే మూడు బోర్డులు నిండా సిద్ధాంతం రాశాడు. కిరణానికి 'స్వచ్ఛంద కిరణం' అని పేరు పెట్టాడు. ఇంతకాలం ఆమెను చూస్తే కరెంటు బిల్లు చూసినట్టు చూసే మనిషి, ఇప్పుడు పాలు కలిపిన టీ తెప్పించి, అందులో సగ్గుబియ్యం ఉండలు ఎక్కువ వేయించి మరీ ఇస్తున్నాడు. "ఆఖరి రోజున టెలిఫోన్ కంపెనీ నుంచి జ్యెన్ మేడమ్ వస్తుంది. మన పరిశోధనకు ఖర్చు పెట్టేది వాళ్లే. ఆవిడకు ఈ కిరణం చూపించేసి, అక్కడికక్కడే నీ కాగితం మీద సంతకం పెడతాను," అన్నాడు.

జూలై పదమూడున కిరణం కదిలింది. నలభై ఏడు కాస్తా యాభై మూడైంది.

షిన్-రోంగ్ పలక విప్పి, మళ్లీ బిగించి కొలిచింది. యాభై మూడే. మాస్టారు మాత్రం గాల్లో తేలిపోయాడు. "చూశావా, మారుతోంది! పలకకు వయసు తెలుస్తోంది. జ్ఞాపకశక్తి ఉంది దీనికి!" అని నాలుగో బోర్డు తెప్పించాడు.

రాగికి జ్ఞాపకశక్తి ఉందంటే షిన్-రోంగ్‌కు నమ్మకం కుదరలేదు. ఏదో వదులైంది, ఎక్కడో మర కదిలింది అనుకుంది. రెండు వారాలు మరలన్నీ బిగించి చూసి, ఆఖరి వారం సోమవారం మాస్టారికి తెలియకుండా, పెంగ్ రోజూ రాసే చిట్టా పుస్తకం తీసి పదమూడో తేదీ పేజీ తిప్పింది. పెంగ్ అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉంటాయి.

"ఏసీ ఫిల్టరు కడిగాను. గుమ్మం రబ్బరు పట్టీ తుడిచాను. లోపల తిరుగుడు బల్ల మీది పొట్లానికి ఇవాళ్టితో గడువు అయిపోయింది, కొత్తది పెట్టాను."

ఆమె ఆ చివరి వాక్యం చదివింది. పుస్తకం మూసింది. మళ్లీ తెరిచి చదివింది.

ఏప్రిల్లో తిరుగుడు బల్ల మోటారు రెండు వారాలు మొరాయించింది. కంపెనీ మనిషి వచ్చి చూసి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లాడు. చివరికి పెంగ్ లోపలికి వెళ్లి, పలక నిలబెట్టే స్టాండు పాదం దగ్గర ఒక ఆకుపచ్చ పొట్లాన్ని ఆనించి వచ్చాడు. మోటారు ఆ పూటే తిరిగింది, ఇప్పటిదాకా ఆగలేదు. అప్పటినుంచి షిన్-రోంగ్ రోజూ పలక బిగించేటప్పుడు ఆ పొట్లాన్ని చూస్తూనే ఉంది. ఒక్కోరోజు దానికి నమస్కారం కూడా పెట్టింది. ఖాళీ గదిని మార్చిలో ఒకసారి కొలిచి, ఇక చాలనుకుని మళ్లీ కొలవలేదు. ఆ తప్పు మాత్రం అచ్చంగా తనదే.

పొట్లం లోపలి వైపు వెండిలా మెరుస్తుంది. ఆ సంగతి తైవాన్లో పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. చివరి ముక్కల కోసం లోపల నాకని వాళ్లెవరు?

పెంగ్ గుమ్మం దగ్గర టీ ఊదుకుంటున్నాడు.

"బాబాయ్, లోపలి పొట్లం ఒక్క ఐదు నిమిషాలు తీస్తాను."

పెంగ్ టీ కప్పు కింద పెట్టాడు. "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?"

"దాని లోపల అల్యూమినియం పూత ఉంటుంది బాబాయ్."

"ఉంటే?"

"హెడ్డుగారి బెల్టు గుర్తుందా?"

"ఉంది."

"దాని బకిల్ బొటనవేలంత. ఇది నా మొహమంత."

పెంగ్ ప్లాస్టిక్ పళ్లెం వైపు చూశాడు. ఇరవై రెండేళ్లుగా ఆ పళ్లెంలో పడిన తలపిన్నులూ పెన్నులూ అన్నీ ఒక్కసారి లేచి తనను వేలెత్తి చూపినట్టు ముఖం పెట్టాడు. అయినా వెంటనే తేరుకున్నాడు.

"నా పొట్లం తప్పేమీ లేదు. మోటారు తిప్పమన్నాను, తిప్పింది. కిరణాలు పంపొద్దని దానికి ఎవరు చెప్పారు?"

"తప్పనడం లేదు బాబాయ్. తీసి చూస్తానంతే."

"మోటారు అలిగితే? ఆఖరి వారం. అలిగిందంటే నీ పలక ఒక్క డిగ్రీ కూడా తిరగదు, ముప్పై దాకా ఎందుకు!"

చాలాసేపు బేరాలు నడిచాయి. పొట్లాన్ని బయటకు తేవడానికి వీల్లేదన్నాడు పెంగ్. నురగతో కప్పేస్తానంది ఆమె. ముఖం కప్పితే శవానికి కప్పినట్టుంటుందన్నాడు. ఆఖరికి షిన్-రోంగే దారి కనిపెట్టింది. మోటారు ఉండేది బల్ల కింద, నేలలో వదిలిన గుంటలో. పొట్లాన్ని ఆ గుంటలోనే పెడితే మీద ఎలాగూ నురగ మేకులుంటాయి, తరంగానికి అందదు.

"మోటారు పక్కనేనా?" అన్నాడు పెంగ్.

"ఆనుకునే."

"అయితే ప్రమోషనే," అన్నాడు పెంగ్, మెత్తబడి. రెండు చేతులా పొట్లాన్ని ఎత్తి, బల్లతో "ఇక్కడే, కిందే ఉంటాడు. కంగారుపడకు," అని చెప్పి దించాడు.

కొలిచారు. యాభై మూడు దగ్గర నున్నటి నేల. ముప్పై దగ్గర ఒక్కటే కిరణం, కొబ్బరిచెట్టులా నిటారుగా.

పోనీ ఇంకా ఏమైనా ఉందేమోనని షిన్-రోంగ్ పలక తీసేసి దాని చోట ఉత్త రేకు పెట్టింది, పొట్లాన్ని పైకి తెచ్చింది. యాభై మూడు దగ్గర కిరణం మళ్లీ లేచి కూర్చుంది. ఇక అనుమానానికి చోటు లేదు. మూడు నెలల స్వచ్ఛంద కిరణం, నాలుగు బోర్డుల సిద్ధాంతం, ఆమె సంతకం, అన్నీ ఆ పొట్లంలోనే ఉన్నాయి.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు పెంగ్, నిజంగానే తెలుసుకోవాలని.

"సంతకం అవుతుంది. తర్వాత ఇంకెవరైనా ఇదే పలక చేసి కొలుస్తారు. వాళ్ల గదిలో పొట్లం ఉండదు. అప్పుడు నా పేరు ఊరంతా పాకుతుంది."

"చెబితే?"

"సంతకం అవదు."

"అయితే ఇవాళ చెప్పకు. బుధవారం ఆయనకు పళ్లు పీకించుకునే పని ఉంది. అది అయ్యాక చెప్పు. నోట్లో దూది ఉంటుంది, తిట్టలేడు."

షిన్-రోంగ్ బుధవారం దాకా ఆగలేకపోయింది. మంగళవారమే చెప్పేసింది. మాస్టారు కదలకుండా విన్నాడు. తర్వాత కళ్లు మెరిశాయి.

"అంటే పొట్లానికీ పలకకీ మధ్య సంబంధం ఉందన్నమాట! రెండూ కలిసి జంటగా..."

"ఉత్త రేకు పెట్టి చూశాను సార్."

"రేకుకు రాదు కదా?"

"వచ్చింది సార్."

"రేకుకూ వచ్చిందా?"

"ఇంకా బాగా వచ్చింది సార్."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడిచాడు. అవి మురికిగా లేవు. "మడతలు పడ్డ రేకు కూడా ఒక విధంగా..." అని మొదలుపెట్టి, తన మాట తనకే వినబడి ఆగిపోయాడు. కిటికీ వైపు తిరిగి, "ఆ కాగితం అక్కడ పెట్టి వెళ్లు," అన్నాడు. షిన్-రోంగ్ దరఖాస్తు బల్ల మీద పెట్టింది. గురువారం తొంగిచూస్తే దాని మీద టీ కప్పు ఉంది. సంతకం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి జ్యెన్ మేడమ్ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, కత్తిరించిన జుట్టు, మాటా అంతే కత్తిరింపు. మాస్టారు అరవై రెండు స్లయిడ్లు సిద్ధం చేసుకుని, ముందురోజు నలభై పీకేసి, మిగిలిన ఇరవై రెంటిలో ఏం చెప్పాలో తేల్చుకోలేక, "ముందు గది చూద్దాం రండి," అన్నాడు. దరఖాస్తు ఆయన చంకలోని ఫైల్లో ఉంది. షిన్-రోంగ్ కళ్లు ఆ ఫైలు మీద ఉన్నాయి. గోడ గడియారం మూడు దాటి పది నిమిషాలు చూపిస్తోంది.

పెంగ్ పళ్లెం చాచాడు. ఫోన్లు, తాళాలు, మాస్టారి పెన్నూ పడ్డాయి. జ్యెన్ మేడమ్ గుమ్మంలోంచి లోపలికి చూసి భృకుటి ముడిచింది.

"లువో, పొట్లం ఏది?"

పెంగ్ పళ్లెంలోని తాళాలు సర్దాడు.

"పొట్లం లేకుండా ఇంత ఖరీదైన గది నడుపుతున్నారా? ధైర్యమే! మా దగ్గరైతే స్టాండుకొకటి ఉంటుంది."

మాస్టారు షిన్-రోంగ్ వైపు చూడలేదు. నురగ మేకుల వైపు చూస్తూ, వాటిని ఇవాళే మొదటిసారి చూసినట్టు లెక్కపెడుతున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే, పొట్లం గుంటలో ఉందని పెంగ్ ఒక్క మాట చెప్పి సరిపెడతాడు. ఆ తర్వాత స్లయిడ్లు, ఆ తర్వాత ఏదో ఒకటి, బహుశా సంతకం. అదంతా ఆమెకు తెలుసు.

"ఉంది మేడమ్, నేల కింద," అంది షిన్-రోంగ్. "పైన ఉంటే కొలతలో పడుతోంది. మూడు నెలలు పలకను కొలుస్తున్నామనుకుని నేను పొట్లాన్నే కొలిచాను."

జ్యెన్ మేడమ్ నవ్వుతుందని అందరూ ఎదురు చూశారు. ఆవిడ నవ్వలేదు.

"ఎక్కడ కనబడింది?"

"ముందు నలభై ఏడు డిగ్రీల దగ్గర. పొట్లం మార్చాక యాభై మూడు."

"మారిస్తే మారిందా!" ఆవిడ చెయ్యి నేరుగా పెంగ్ పళ్లెంలోకి వెళ్లింది. తన ఫోన్ లాక్కుని అక్కడే నంబరు నొక్కింది. "హలో, నేనే. కొలత గదిలోకి వెళ్లు. వెళ్లావా? స్టాండు కింద పొట్లం ఉందా? ... ఎప్పట్నుంచి? ... తీసెయ్. ఆగాగు, ముందు ఫొటో తియ్యి. ... ఏంటి? పసుపుదా? పసుపుది ఎవడు పెట్టాడురా!"

పెంగ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పసుపుది," అని గొణిగాడు, ఇంట్లో చావు కబురు విన్నట్టు.

జ్యెన్ మేడమ్ ఫోన్ దించింది. "ఎనిమిది నెలలు. ముగ్గురు ఇంజనీర్లు. యాంటెన్నా పక్కచూపులు చూస్తోందని రెండుసార్లు డిజైన్ మార్పించాను. ఒకడు ఉద్యోగం మానేసి వాళ్ల నాన్న సేమ్యా కొట్టు చూసుకుంటున్నాడు." షిన్-రోంగ్ వైపు తిరిగింది. "నువ్వెలా పట్టుకున్నావు?"

"బాబాయ్ పుస్తకంలో తేదీ చూశాను మేడమ్. తర్వాత పలక తీసేసి రేకు పెట్టి కొలిచాను."

"తీసి ఒకటి, పెట్టి ఒకటి, రేకుతో ఒకటి. అన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నాకు కావాలి. మొత్తం పద్ధతంతా రాసి కావాలి. పొట్లం తీశాక నీ పలక సంగతేమిటి?"

షిన్-రోంగ్ గ్రాఫు చూపించింది. ముప్పై దగ్గర ఒక్కటి, ఇంకెక్కడా ఏమీ లేదు. జ్యెన్ మేడమ్ దాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూసింది. "ఒక్కచోటికే వెళ్తోంది. పక్కిళ్లలోకి తొంగిచూడటం లేదు. మా సందులకు కావలసింది ఇలా చెప్పిన మాట వినేదే. లువో, ఇంత శుభ్రమైన పలక పెట్టుకుని నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

లువో మాస్టారు మేకులు లెక్కపెట్టడం ఆపాడు. ఆయన వెన్ను నిటారైంది.

"అందుకేగా మిమ్మల్ని పిలిచింది," అన్నాడు, ఎప్పటినుంచో అనుకుంటున్న మాటలాగా. "నేను మొదటినుంచీ అదే చెబుతున్నాను, ముప్పై డిగ్రీలు చాలని. ఇక ఆ పొట్లం సంగతి ఈ అమ్మాయి థీసిస్‌లో నాలుగో అధ్యాయం. కొలత గదుల్లో దొంగ ప్రతిఫలనాలు, వాటిని పట్టే పద్ధతి. ముప్పై పేజీలు వస్తుంది."

షిన్-రోంగ్ థీసిస్‌లో అప్పటికి మూడు అధ్యాయాలే ఉన్నాయి. నాలుగోది ఆ నిమిషమే పుట్టిందని గుమ్మం దగ్గరున్న పెంగ్‌కు కూడా తెలిసింది.

"థీసిస్ పుస్తకం ఎప్పటికి వస్తుంది?" అంది జ్యెన్ మేడమ్.

"పరీక్షకు దరఖాస్తు ఇవాళే పెడుతున్నాం."

"ఇవాళా? నాలుగు కావస్తోంది. సంతకం అయిందా?"

"అయినట్టే," అంటూ మాస్టారు జేబులు తడుముకున్నాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబులు, మళ్లీ చొక్కా జేబు. పెంగ్ పళ్లెంలోంచి పెన్ను తీసి, రెండు చేతులా అందించాడు.

మాస్టారు గుమ్మం పక్క బల్ల మీదే దరఖాస్తు పరిచాడు. టీ కప్పు గుండ్రటి మరక సరిగ్గా సంతకం గడిలో ఉంది. దాని మధ్యలోనే మూడు గీతల్లో సంతకం గీశాడు. జేబులోంచి తన పేరు చెక్కిన ముద్ర డబ్బీ తీసి, ఎర్ర సిరా అద్ది నొక్కాడు. కాగితం ఆమెకు ఇవ్వబోతూ చివర పట్టుకుని ఆగాడు.

"షిన్-రోంగ్, ఆ జ్ఞాపకశక్తి సిద్ధాంతం పూర్తిగా కొట్టెయ్యకు. అనుబంధంలో పెట్టు. చిన్నదే. పది పేజీలు."

"అలాగే సార్."

"పన్నెండు."

"అలాగే సార్," అంది షిన్-రోంగ్, కాగితం రెండో చివర గట్టిగా పట్టుకుని. ఆ క్షణాన ఆయన పలకకు పాటలు కూడా వచ్చని రాయమన్నా రాసేదే. మాస్టారు వేళ్లు వదిలాయి. ఆమె జ్యెన్ మేడమ్‌కు నడుం వంచి నమస్కరించింది, పెంగ్‌కు ఇంకాస్త వంచి నమస్కరించింది, నడవాలో మర్యాదగా నాలుగడుగులు నడిచింది. మలుపు తిరిగాక, లిఫ్టు కోసం ఆగకుండా, చెప్పులు చేతపట్టుకుని ఐదంతస్తుల మెట్లూ దిగి ఆఫీసు వైపు పరుగెత్తింది.